నిజాం విమానానికి మందమర్రి మర

లండన్ శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఒక పాత బాంబరు విమానం ఉంది. పైనొకటి, కిందొకటి జంట రెక్కలు. రకం డీహెచ్-9ఎ, నంబరు ఎఫ్ 1010. దాని ఒంటి మీద హైదరాబాద్ పేరు కనిపిస్తుంది. 1918లో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు ఈ రకం విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుకగా అందాయి. డీహెచ్-9ఎ విమానాలను అందరికంటే ముందు అందుకున్న దళం అదే. ప్రతి విమానం మీదా అది నిజాం ఇచ్చినదని రాయించారు. అప్పటినుంచి ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు నిలిచిపోయింది.

1918 సెప్టెంబరు 14న ఆ దళం తొలి దాడికి వెళ్లింది. నవంబరులో యుద్ధం ముగిసింది. ఆ రెండు నెలల్లోనే శత్రువుల చేతిలో 17 విమానాలు పోయాయి. ఎఫ్ 1010 అక్టోబరు 5న జర్మనీ మీదికి వెళ్లి తిరిగి రాలేదు. జర్మన్లు దాన్ని పట్టుకుని బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది పోలండ్ చేరి, చివరికి క్రాకోలో తేలింది. 1977లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి దీన్ని తెచ్చుకుంది.

ఆ కానుక వెనక ఉన్నది ఒక పాలకుడి రాజభక్తి. అయితే ఆయన ఖజానా నింపింది ఈ నేల రైతులు కట్టిన శిస్తు. అందుకే ఆ విమానం కథ మనది కూడా. యుద్ధాన్ని పొగడడానికి కాదు, మన డబ్బుతో తయారైన ఒక యంత్రం ఎలా పనిచేసిందో మన పిల్లలు చేత్తో పట్టుకుని తెలుసుకోవడానికి దాని నమూనా ఇక్కడ తయారు కావాలి. అదీ అద్దాల పెట్టెలో కూర్చునే బొమ్మగా కాదు. తీగ బిగిస్తే రెక్క సరిగ్గా నిలిచేలా, మర తిప్పితే తీగ బిగిసేలా, పెడల్ తొక్కితే తోక తిరిగేలా. ఆ పనికి తగిన ఊరు సింగరేణి బొగ్గు గనుల మందమర్రి అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తీగల మీద నిలిచిన విమానం

ఈ కాలపు విమానం రెక్కను చూసి పాత విమానాన్ని ఊహించుకోకూడదు. అల్యూమినియం రేకు తానే బరువు మోసే పద్ధతి తర్వాత వచ్చింది. 1918 నాటి విమానం అంటే సన్నటి కర్రచట్రం, దాని మీద బిగించి రంగు పూసిన నారబట్ట, లోపలా బయటా అల్లుకున్న ఉక్కు తీగలు. కర్ర నొక్కుడును ఓర్చుకుంటుంది. లాగుడును తీగ ఓర్చుకుంటుంది. పై రెక్కకూ కింది రెక్కకూ మధ్య నిలువు కర్రలు, వాటి మూలల నుంచి మూలలకు అడ్డంగా తీగలు. గాలిలో రెక్క పైకి ఎగబాకుతుంటే పట్టి ఉంచేవి ఫ్లయింగ్ వైర్లు. నేల మీద నిలబడినప్పుడు రెక్క తన బరువుకు తాను వాలిపోకుండా ఆపేవి ల్యాండింగ్ వైర్లు. నులక మంచం కాళ్ల వైపు దారాన్ని బిగిస్తే వదులైన మంచం మళ్లీ గట్టిపడుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే.

మరి ఆ తీగను కర్రకు కట్టేదేమిటి? దాన్ని బిగించేదేమిటి? అక్కడే మన కథ మొదలవుతుంది. కర్రను చుట్టి పట్టే ఉక్కు పట్టీ, దాని చెవికి దూరే పిన్ను, ఆ పిన్నును పట్టే ఫోర్కు, తీగను బిగించే టర్న్‌బకిల్, తీగ మలుపు తిరిగే చోట కప్పీ, రెక్క అంచున కదిలే పలకకు మడతబందు, ఆ పలకను లాగే హార్ను. వందలాది చిన్న లోహపు ముక్కలు ఇవి. బొమ్మలు చేసేవాళ్లు వీటిని ప్లాస్టిక్‌లో పోతపోసి, రంగు వేసి అతికిస్తారు. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. కానీ మందమర్రి ఎండ సంగతి మనకు తెలుసు. మే నెలలో 45 డిగ్రీలు దాటే చోట కర్ర ఎండి కుంచించుకుపోతుంది, వానాకాలం రాగానే ఉబ్బుతుంది. బట్ట ఒకవైపు ఎక్కువ బిగిస్తే రెక్క మెలిపడుతుంది. అతికించిన ఉత్తుత్తి తీగ వదులై వేలాడుతుంది. నిజంగా పనిచేసే టర్న్‌బకిల్ ఉంటే అరచుట్టు తిప్పి సరిచేసుకోవచ్చు. ఆనాటి రిగ్గర్లు రోజూ చేసిన పని అదే. అప్పటి వైమానిక దళంలో ఇంజిన్ చూసేవాడు ఫిట్టర్, చట్రం, తీగలు చూసేవాడు రిగ్గర్.

ఒక టర్న్‌బకిల్ పుట్టుక

డీహెచ్-9ఎ రెక్కల చివరి నుంచి చివరికి 14 మీటర్లు, పొడవు 9.2 మీటర్లు. ఆరో వంతుకు తగ్గిస్తే రెక్కల వెడల్పు 2.33 మీటర్లు, పొడవు మీటరున్నర పైచిలుకు. ఒక గదిలో పట్టే సైజు, చేతిపని కంటికి ఆనే సైజు. ఇంకా చిన్నదైతే మర తిరగదు, ఇంకా పెద్దదైతే ఖర్చూ బరువూ చేయి దాటిపోతాయి. ఈ కొలతలో టర్న్‌బకిల్ పొడవు 15 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది.

టర్న్‌బకిల్ అంటే నడుమ ఒక ఇత్తడి గొట్టం, రెండు చివర్లలో రెండు ఉక్కు కళ్లు. ఒక కంటికి కుడిచుట్టు మర, రెండో కంటికి ఎడమచుట్టు మర. గొట్టాన్ని తిప్పితే రెండు కళ్లూ ఒకేసారి లోపలికి వస్తాయి, తీగ మాత్రం మెలి తిరగదు. ఇత్తడిలో ఉక్కు ఎందుకంటే, ఒకే లోహం మర ఒకే లోహంలో తిరిగితే రాపిడికి పట్టేస్తుంది. రెండు వేర్వేరు లోహాలైతే జారుడుగా తిరుగుతాయి. పెద్ద వర్క్‌షాప్‌లో ఉక్కు షాఫ్టుకు గన్‌మెటల్ బుష్ వేసే వాళ్లకు ఈ మాట కొత్త కాదు.

రెండున్నర మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని లేత్ చక్‌లో పట్టి, ముఖం చదును చేసి, సెంటర్ వేయాలి. ఒక మిల్లీమీటరు మరకు ముందుగా పడాల్సిన రంధ్రం 0.75 మిల్లీమీటర్లు. ఇంత సన్నటి డ్రిల్‌కు వేగం కావాలి. నిమిషానికి మూడు వేల చుట్లకు తగ్గితే అది కోయదు, వంగుతుంది. పెద్ద లేత్‌లు ఆ వేగం అందుకోవు. అందుకే కడ్డీని లేత్‌లో పట్టి, డ్రిల్‌ను చిన్న చేతి మోటారులో పట్టి దూర్చడం మేలు. రంధ్రం పడ్డాక ట్యాప్. నూనె చుక్క వేసి, పావుచుట్టు ముందుకు, అంతే వెనక్కి. పొడి బయటికి రావాలి. ఇక్కడ బలం పనికిరాదు. ట్యాప్ బరువెక్కుతోందని వేళ్లకు తెలిసిన క్షణంలోనే ఆగాలి, లేకపోతే లోపల విరుగుతుంది. విరిగితే ఆ ముక్క పారేయడమే.

అసలు చిక్కు ఎడమచుట్టు మర దగ్గర వస్తుంది. కుడిచుట్టు ఒక మిల్లీమీటరు ట్యాపులు పెద్ద నగరాల్లో కొనుక్కోవచ్చు. ఎడమచుట్టువి దొరకడం కష్టం. దారి గడియారాల వాళ్ల దగ్గరుంది. చాలా చేతి గడియారాల్లో క్రౌన్ చక్రాన్ని పట్టే మర ఎడమచుట్టుదే. అందుకే పాత గడియారపు పనివాళ్ల మరపలకల్లో ఎడమచుట్టు రంధ్రాలు కూడా ఉంటాయి. ఆ పలకలో సిల్వర్ స్టీల్ తీగకు మర ఎక్కించి, ఒక పక్క చదునుగా అరగదీసి, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్లీ గడ్డిరంగు వచ్చేదాకా మెల్లగా వేడి చేస్తే అదే ట్యాప్ అవుతుంది. చిన్న మరల కొలతల ప్రపంచంలో ఒక పాత పద్ధతి ఉంది, బ్రిటిష్ అసోసియేషన్ మరలు. స్విట్జర్లాండ్‌లోని థూరీ మరల నుంచి వచ్చిన ఆ పద్ధతిలో ‘సున్నా’ నంబరు 6 మిల్లీమీటర్లు. నంబరు పెరిగేకొద్దీ మర సన్నబడుతుంది. 14వ నంబరుకు వచ్చేసరికి ఒక మిల్లీమీటరు. ఆనాటి బ్రిటిష్ విమానాల్లో ఈ మరలే చాలాచోట్ల వాడారు కాబట్టి, పెద్ద నంబర్ల సన్న మరలకు దిగితే నమూనాకూ అవే అందుతాయి.

ఒక మిల్లీమీటరు మెట్రిక్ మరకు ఒక్కో చుట్టుకు ప్రయాణం 0.25 మిల్లీమీటర్లు. రెండు వైపులా కలిపి గొట్టం ఒక చుట్టు తిరిగితే తీగ అర మిల్లీమీటరు బిగుస్తుంది. బిగించాక గొట్టం నడిమి రంధ్రంలోంచి సన్నటి తీగను దూర్చి, రెండు కళ్లలోంచి తిప్పి మెలిపెట్టాలి. ఇంజిను అదురుకు మర వెనక్కి తిరగకుండా అదే కాపలా. నిజం విమానంలో గొట్టం బయట మూడు చుట్ల కంటే ఎక్కువ మర కనిపించకూడదన్నది నియమం. నమూనాలోనూ ఆ నియమాన్ని విడవకూడదని నా పట్టుదల.

కళ్లు చేయడం ఇంకో విద్య. ఉక్కు తీగను చిన్న మేకు చుట్టూ వంచి, కలిసిన చోట వెండి టంకం పెట్టాలి. వెలిగారం పూసి, టంకం ముక్క పెట్టి, మంటను పక్కనుంచి తేవాలి. వెండి టంకం సుమారు 650 డిగ్రీలకు కరుగుతుంది. ఇత్తడి ముక్కకు టంకం పెట్టేటప్పుడైతే, ఆ ఇత్తడి 900 దాటితే కరిగిపోతుంది. ఆ మధ్య ఉన్న వ్యవధిలోనే చేతివాటమంతా. అయితే బిగింపు తీగకు, అంటే పియానో తీగకు, ఈ మంట తగలకూడదు. ఎర్రగా కాలితే దాని గట్టిదనం పోతుంది. 1918 వాళ్లు దీనికి మంట అక్కర్లేని ఉపాయం పట్టారు. తీగను కంటిలోంచి దూర్చి వెనక్కి వంచి, రెండు పోగుల మీద చుట్టు తీగతో చేసిన కోలగొట్టం తొడిగి, కొసను మళ్లీ మడిచేవారు. ఎంత లాగితే అంత పట్టు. దాన్నే చిన్న సైజులో చేయాలి.

బయటి తీగలది వేరే సంగతి. బ్రిటిష్ విమానాల్లో రెక్కల మధ్య కనిపించేవి గుండ్రటి తీగలు కావు, గాలిని చీల్చేలా చపటగా సాగదీసినవి. రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ పేరు మీద వాటిని రాఫ్ వైర్లు అన్నారు. నడుమ చపట, చివర్లు మాత్రం గుండ్రం. ఒక చివర కుడిమర, ఒక చివర ఎడమమర. తీగనే తిప్పి బిగిస్తారు, టర్న్‌బకిల్ అక్కర్లేదు. దీన్ని చేయాలంటే గుండ్రటి తీగను రెండు చివర్లూ వదిలి మధ్యలో మాత్రం చపట చేసే యంత్రం కావాలి.

తీగను చపట చేసే పని కరీంనగర్‌లో ఉంది. అక్కడి వెండి తీగపనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కమ్మచ్చులోంచి వెండిని వెంట్రుక మందానికి లాగడం, రెండు పోగులు మెలేసి చపట చేయడం, చుట్లు పెట్టి వెలిగారంతో టంకం వేయడం వాళ్లకు వంశపారంపర్యంగా వచ్చిన పని. తీగ అల్లికతో పన్నీరు బుడ్డి, పాన్‌దాన్ చేయగల చేతికి ఒక ఉక్కు కన్ను చేయడం పెద్ద పని కాదు. లోహం మారుతుంది, వేడి మారుతుంది, చేయి మాత్రం అదే.

బాయి పనిలో దాగిన రిగ్గర్

మందమర్రినే ఎందుకన్నానంటే, అక్కడి పని తీగల పని. ఎండ్‌లెస్ హాలేజీ రోప్ తెగితే రెండు కొసలూ విప్పి, పోగు పోగూ కలిపి, అతుకు కనపడకుండా అల్లేవాళ్లున్నారు. రోప్ చివరను శంఖాకారపు సాకెట్‌లో విప్పి, కరిగిన తెల్లలోహం పోసి క్యాపింగ్ చేసేవాళ్లున్నారు. టబ్బుల కప్లింగు పిన్ను అరిగిందా లేదా అని చేత్తో తడిమి చెప్పేవాళ్లున్నారు. వేళ్లతో తడిమి సూత్‌లలో కొలత చెప్పే ఫిట్టర్లున్నారు. కల్యాణిఖని, కాసిపేట, శాంతిఖని బొగ్గు బాయిల్లో ఈ పనుల మీదే మనుషుల ప్రాణాలు ఆధారపడ్డాయి. పాత విమానం కంట్రోల్ కేబుల్ చివర థింబుల్ చుట్టూ వేసే అల్లిక, హాలేజీ రోప్ అల్లికకు తమ్ముడే. సైజు తగ్గింది, బాధ్యత ఒకటే.

ఆ చేతులు ఇప్పుడు ఇంటికి చేరుతున్నాయి. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య నేడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. ఓపెన్‌కాస్ట్‌లు పెరిగి, భూగర్భ గనులు తగ్గాయి. విడిభాగం అరిగితే చేసి పెట్టే పద్ధతి పోయి, కొత్తది తెప్పించి మార్చే పద్ధతి వచ్చింది. రిటైరైన ఫిట్టరు, టర్నరు క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లిపోతే ఆయన చేతిలో ఉన్నది ఏ రికార్డులోనూ ఉండదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. విమానం నమూనా నాకు ఇష్టమే, కానీ అంతకంటే ఆ చేతిపని తర్వాతి చేతికి అందడం ముఖ్యం.

బొగ్గుబెల్టుకు విమానం అంటే పరాయిదేమీ కాదు. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో కేశోరాం సిమెంటు కంపెనీ పాత రన్‌వే ఉంది. వాయుదూత్ సంస్థ ఒకప్పుడు అక్కడికి విమానాలు నడిపింది.

బికనీర్ చెప్పిన పాఠం

పాత విమానంలో చివరికి మిగిలేదేమిటో తెలియాలంటే బికనీర్ వెళ్లాలి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ తన దగ్గర మిగిలిన విమానాల్లో వందింటిని భారతదేశానికి ఇచ్చింది. వాటిలో డీహెచ్-9లు ఉన్నాయి. డీహెచ్-9 మన డీహెచ్-9ఎకి అన్న. కొన్ని బికనీర్ మహారాజా గంగాసింగ్ చేతికి వచ్చాయి. దశాబ్దాల పాటు అవి కోట ఆవరణలో పడి ఉన్నాయి. కర్ర చాలావరకు చెదలపాలైంది, లోహం మిగిలింది. బ్రిటన్‌కు చెందిన గై బ్లాక్ బృందం అక్కడి నుంచి తీసుకువెళ్లిన అవశేషాలతో రెండు విమానాలను మళ్లీ నిలబెట్టింది. ఒకటి డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ప్రదర్శనకు చేరింది. రెండోది 2019లో ఆకాశంలోకి ఎగిరింది. జునాగఢ్ కోట మ్యూజియంలో ఇప్పటికీ ఒక డీహెచ్-9 చూడొచ్చు. వెళ్లే ఫిట్టరు విమానాన్ని కాకుండా దాని మూలలను చూడాలి, కర్రా తీగా కలిసే చోట్లను చూడాలి. కర్ర పోయినా పట్టీ మిగిలితే, దాని రంధ్రాల దూరాన్ని బట్టి కర్ర మందం తెలుస్తుంది, చెవి వంపును బట్టి తీగ ఎటు పోయిందో తెలుస్తుంది. విమానం లెక్కంతా ఆ పట్టీలో దాక్కుని ఉంటుంది.

ఆ పట్టీలను నమూనాలో చేయడానికి రేకు చాలు. అసలులో 16 గేజి రేకు, అంటే 1.6 మిల్లీమీటర్లు వాడిన చోట, ఆరో వంతులో 0.27 మిల్లీమీటర్లు కావాలి. 0.3 రేకు సరిపోతుంది. గీసిన కాగితాన్ని రేకు మీద అతికించి, ఒకే రకం ముక్కలు నాలుగైదు కలిపి బిగించి, ఒకేసారి రంధ్రాలు వేసి, ఆకురాయితో అరగదీయాలి. అన్నీ ఒకేలా వస్తాయి. వంచేటప్పుడు రేకు సాగిన దిశకు అడ్డంగా వంపు పడాలి. దాని వెంబడే వంచితే పగులు వస్తుంది.

ఎగరాలంటే లెక్క కావాలి

డీహెచ్-9ఎ నిండు బరువు సుమారు 2,100 కిలోలు. కొలత ఆరో వంతు అయితే బరువు 216వ వంతు కావాలి, అంటే పది కిలోలకు కాస్త తక్కువ. తీగ బలం మాత్రం 36వ వంతుకే తగ్గుతుంది. కాబట్టి చిన్న విమానం తన బరువుకు తగ్గ బలం కంటే ఎక్కువే కలిగి ఉంటుంది. అర మిల్లీమీటరు పియానో తీగ నలభై కిలోల పైనే మోస్తుంది. అయినా ధీమా పడకూడదు. మర కోసినచోట ఒక మిల్లీమీటరు ఉక్కు లోపలి మందం 0.7 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. తీగ తెగకముందే కన్ను తెగుతుంది. అందుకే ఎగిరే నమూనాలో బరువు మోసే ఫ్లయింగ్ వైర్లకు 1.4 మిల్లీమీటర్ల మర పెట్టి, చూపుకు కొంచెం లావైనా ఊరుకోవాలి. కంట్రోల్ కేబుళ్లకు ఒక మిల్లీమీటరు చాలు. ప్రతి టర్న్‌బకిల్‌నూ స్ప్రింగ్ త్రాసుకు తగిలించి లాగి చూడకుండా విమానానికి ఎక్కించకూడదు. పొరపాటు మాత్రం సైజుతో పాటు చిన్నది కాదు. పెద్ద విమానంలో పదో వంతు మిల్లీమీటరు తేడా ఎవరికీ పట్టదు, ఇక్కడ అది పిన్ను దూరకుండా చేస్తుంది.

చట్టం విషయం కూడా తెలుసుకోవాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం చదువు, పరిశోధన, వినోదాల కోసం కంటికి కనిపించే దూరంలో ఎగరేసే నమూనా విమానం 25 కిలోలు మించకూడదు. మన పది కిలోల విమానం ఆ హద్దులోనే ఉంది. ఎగరేయబోయే చోటు అనుమతి ఉన్న ప్రాంతమేనా అన్నది ముందే చూసుకోవాలి. గని ప్రాంతాల్లో ఆ జాగ్రత్త మరీ అవసరం.

ఇంత పని ఒక్కరి వల్ల కాదు. మంచిర్యాల జిల్లా ఐటీఐల్లో ఫిట్టర్, టర్నర్ ట్రేడ్‌ల పిల్లలున్నారు. ఏటా వాళ్లు పరీక్ష కోసం ఒక చదరపు ముక్కలో ఇంకో ముక్క దూర్చి చూపించి, తర్వాత దాన్ని పారేస్తారు. అదే పరీక్ష పనిగా ఒక టర్న్‌బకిల్, ఒక మడతబందు, ఒక కప్పీ ఇస్తే ఆ ముక్కకు ఒక చోటు దొరుకుతుంది, చేసినవాడి పేరు విమానం చిట్టాలో ఉంటుంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ ఎప్పటినుంచో ఉంది, ఎగరేయడం తెలిసిన పిల్లలు అక్కడ దొరుకుతారు. నస్పూర్‌లోని సింగరేణి పాలిటెక్నిక్ విద్యార్థులు డ్రాయింగులు గీయగలరు. కరీంనగర్ తీగపని వాళ్లు చపట తీగలు తీయగలరు.

నా విన్నపం రెండు వైపులకు. రిటైరైన ఫిట్టర్లారా, టర్నర్లారా, రోప్ పని తెలిసిన పెద్దలారా, మీ పాత ట్యాపులూ డైలూ అటక మీద నుంచి దించండి. వారానికి ఒక పూట పక్కింటి ఐటీఐ పిల్లవాడిని కూర్చోబెట్టుకుని ఒక ఎడమచుట్టు మర ఎలా కోయాలో చూపించండి. సింగరేణి యాజమాన్యానికి, జిల్లా విద్యాధికారులకు ఒక మాట: మందమర్రిలో వాడకంలో లేని ఒక షెడ్డు, ఒక చిన్న లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్ ఈ పనికి కేటాయించండి. హైదరాబాద్ పేరున్న ఆ విమానం మళ్లీ మన ఎదుట నిలబడడానికి అంతకంటే పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.